పట్టా యిచ్చి పీట వేయని దేశము

ఏటేట పరీక్షాఫలితములు వెలువడు దినములలో తెలుగునాట వేలకొలది యిండ్లలో నొక్కటే ప్రశ్న వినవచ్చుచుండును: "ఎం.ఎస్‌సి. ముగిసినది గదా, ఇక నేమి?" తండ్రి యడుగును, మేనమామ యడుగును, పెండ్లిసంబంధము మాటలాడ వచ్చినవా రడుగుదురు, ఎదురింటివారును అడుగుదురు. పదునేడేండ్లు చదివి, ఆమ్లములతోను క్షారములతోను చేతులు కాల్చుకొని, పట్టా చేతబట్టుకొని యిల్లు చేరిన యువకుడు దోషివలె తలవంచి నిలుచును. ఆతని చెల్లెలు అదే పట్టా తెచ్చినచో ఆమె నడుగువారుకూడ నుండరు. పెండ్లియే యామెకు ఉద్యోగమని తీర్మానించి యూరకుందురు.

ఈ విచారణలో ముద్దాయి స్థానమున నిలువవలసినవారు వేఱు, నిలిచినవారు వేఱు అని మా వాదము. ప్రశ్న సరియైనదే. కాని దాని నడుగవలసినది చదివి వచ్చిన బిడ్డలను గాదు. చదువుమని చెప్పిన ప్రభుత్వములను, చదువు చెప్పి రుసుములు గైకొన్న కళాశాలలను, చదివినవారి చేతిపనిమీద లాభము లార్జించు పరిశ్రమాధిపతులను అడుగవలెను. అయ్యా, పిలిచి పట్టా యిచ్చితిరి. పీట యెక్కడ వేసితిరి?

శాస్త్రము లన్నింటినిగూర్చి యొక్కమాఱు చెప్పబూనిన మాట పలుచనగును. కావున రసాయనశాస్త్రము నొక్కదానినే తీసికొందము. తెలుగునాట ఈ శాస్త్రమున కున్న భాగ్యము మఱి యే శాస్త్రమునకును లేదు. 1930వ దశకములో టి. ఆర్. శేషాద్రిగారు వాల్తేరు చేరి, 1949 లో ఢిల్లీకి తరలువరకు ఆంధ్ర విశ్వకళాపరిషత్తున రసాయనపరిశోధనకు పునాదులు వేసిరి. 1944 లో హైదరాబాదు సంస్థానమున వెలసిన కేంద్ర ప్రయోగశాలలను 1956 లో శాస్త్ర పారిశ్రామిక పరిశోధనామండలి తనలో చేర్చుకొనెను. నేటి భారతీయ రసాయన సాంకేతిక సంస్థ అదియే. 1961 లో నేర్పడిన ఐ.డి.పి.ఎల్. అను ప్రభుత్వ ఔషధసంస్థ హైదరాబాదున కర్మాగారము నెలకొల్పి, మందులు చేయుట యెట్లో యొక తరమునకు నేర్పెను. 1970 నాటి పేటెంటు చట్టము మందునకు గాక మందు చేయు పద్ధతికి మాత్రమే హక్కు నిచ్చుటచే, అట్లు నేర్చినవారు క్రొత్తపద్ధతులను కనిపెట్టి స్వంత సంస్థలు పెట్టుకొనిరి. బాలానగరు, జీడిమెట్ల, బొల్లారము, పటాన్‌చెరువు, ఆపైని విశాఖసీమలో పరవాడ, అచ్యుతాపురము: ఈ యూళ్ల పేరులు నేడు లోకమందలి మందులదుకాణములన్నింటితో ముడిపడి యున్నవి.

ఇట్టి గడ్డమీద రసాయనశాస్త్రము చదివినవానికి పని లేదన్నచో గోదావరి గట్టున నిలిచి నీరు లేదనుట గాదా? నిజమునకు పని లేకపోలేదు. కుప్పలు తెప్పలుగా పడియున్నది. పల్లెలవైపు చూడుడు. దర్శి, పొదిలి ప్రాంతముల బావినీటిలోని ఫ్లోరైడు మనుష్యుల యెముకలను వంచుచున్నదని 1937 లోనే వైద్యులు లోకమునకు తెలిపిరి. నల్లగొండ జిల్లాలో తరములకు తరములే దానికి బలియైనవి. శ్రీకాకుళము జిల్లా ఉద్దానములో మూత్రపిండముల వ్యాధి యేండ్లతరబడి యిల్లిల్లు త్రొక్కుచున్నది. దాని మూలకారణ మిదియని నిస్సందేహముగ నింతవరకు తేలలేదు. నీటిని, మట్టిని, తిండిని, రక్తమును పరీక్షించి, ఏండ్లకొలది ఓపికతో లెక్కవ్రాయువారు కావలదా? వారు రసాయనశాస్త్రజ్ఞులు గాక మఱెవ్వరు?

పట్టణములవైపు చూడుడు. 1974 లో జలకాలుష్య నివారణచట్టము, 1981 లో వాయుకాలుష్య నివారణచట్టము, 2006 లో ఆహారభద్రతా చట్టము వచ్చినవి. ఈ చట్టములు వ్రాసినవారు ఊరూర నొక ప్రయోగశాల యున్నదనియు, అందు చదువుకొన్న పరీక్షకుడు కూర్చుండి యున్నాడనియు తలంచి వ్రాసిరి. న్యాయస్థానముల గడపలు త్రొక్కు మావంటివారికి బాగుగ తెలిసిన సంగతి మఱొకటి. 2024 జూలై 1 నుండి అమలునకు వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితయొక్క 176వ విభాగము, ఏడేండ్లు లేక అంతకుమించిన శిక్షగల నేరము జరిగినచోటికి ఫోరెన్సిక్ నిపుణుడు స్వయముగ పోయి సాక్ష్యము సేకరింపవలెనని శాసించుచున్నది. ఏర్పాట్లకై రాష్ట్రములకు అయిదేండ్ల గడువు నిచ్చినది. మంచి శాసనమే. కాని ప్రయోగశాల నివేదిక రాలేదను కారణముచే వ్యాజ్యము వాయిదాపడుట వకీళ్లకు నిత్యానుభవము. కాగితముమీద నిపుణుని సృష్టించుటకు శాసనసభ చాలును. అతనిని నేలమీద నిలుపుటకు జీతము, బల్ల, పరికరము కావలెను.

కావున పని యున్నది. పని నేర్చినవా డున్నాడు. ఈ యిరువురి నడుమ వేయవలసిన పీట వేయబడలేదు. ఎం.ఎస్‌సి. చదివినవాని యెదుట నున్న మార్గములను ఒకటొకటిగ పరిశీలించినచో ఈ సత్యము తేటపడగలదు.

మొదటిది కర్మాగారము. ఔషధసంస్థలో చేరిన యువకునకు సామాన్యముగ దొరకునది నాణ్యతాపరీక్ష విభాగము. హెచ్.పి.ఎల్.సి. యంత్రముముందు నిలిచి, నమూనాను ద్రావకములో కరగించి, యంత్రమున కెక్కించి, అది గీచిన గీతలను చూచి, పుస్తకమున సంతకము చేయుట అతని పని. పగటివంతు, రాత్రివంతు మారుచుండును, నమూనా మారుచుండును, పని మారదు. ఈ పనిని మేము చులకన సేయము. మనము మ్రింగు ప్రతిమాత్రవెనుక అట్టి యొకని సంతకము గలదు. అతడు కన్ను మూసినచో రోగి ప్రాణము పోవును. అందువలననే మా బాధ. అంతటి బాధ్యతను వహించు చేతికి ఇచ్చునది పట్నమున నొక గదియద్దెకును, మెస్సు భోజనమునకును చాలినంత! కొందఱికి సంస్థతో సంబంధమే యుండదు. నడుమ నొక గుత్తేదారుడు నియమించి, నడుమనే కొంత మిగుల్చుకొనును. పరిశోధనవిభాగమున చేరినవానికైన గౌరవము దక్కునా యన్నచో, పరదేశసంస్థలకు కూలికి పదార్థములు చేసి పెట్టుచోట్ల తాను చేయు పదార్థ మెందులకో అతనికి తెలియనీయరు. ఇటుకలు మోయువానికైన కట్టుచున్నది గుడియో సత్రమో తెలియును.

ఇంకొక దుష్టాచారము గలదు. ఉద్యోగమున చేర్చుకొనునపుడు మూలపట్టాలను పుచ్చుకొని దాచుకొనుట, ఇన్నియేండ్లు వదలిపోరాదని బాండు వ్రాయించుట కొన్నిచోట్ల నడచుచున్నది. న్యాయము తెలిసినవారము గనుక స్పష్టముగ చెప్పుచున్నాము. తగిన శిక్షణకైన వ్యయమును రాబట్టుకొనుటకు సమంజసమైన బాండును న్యాయస్థానములు అంగీకరింపవచ్చును. 2025 మే నెలలో ఒక ప్రభుత్వ బ్యాంకు వ్యాజ్యమున సర్వోన్నత న్యాయస్థానము అట్టి షరతును సమర్థించినది. కాని 1872 నాటి కాంట్రాక్టుల చట్టము 27వ విభాగము ప్రకారము, ఒకనిని న్యాయమైన వృత్తిని చేసికొననీయక అరికట్టు ఒడంబడిక ఆ మేరకు చెల్లదు. ఇక బిడ్డ చదివి సంపాదించిన పట్టాను తాకట్టువస్తువువలె బీరువాలో నుంచుకొను హక్కు నే చట్టమును యజమానున కీయలేదు. యువకులారా, దీనిని తెలిసికొనుడు.

ప్రాణభయము సంగతి చెప్పకుండుట మా తరము గాదు. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురమున నొక ఔషధ కర్మాగారములో జరిగిన ప్రమాదమున 17 మంది మరణించిరి. 2025 జూన్ 30న పాశమైలారమున జరిగిన విస్ఫోటనములో నలుబదిమందికి పైగా బలియైరి. అక్కడ పనిచేయువారిలో కూలివాడును, రసాయనశాస్త్రము చదివినవాడును ఒకే కప్పు క్రింద నుందురు. ద్రావకపు ఆవిరి పట్టా చూచి తొలగిపోదు.

పరిశ్రమ యేల యిట్లున్నదని యడుగుట న్యాయము. 1970 చట్టపు నీడలో మన సంస్థలు ఇతరులు కనిపెట్టిన మందును తక్కువవెలకు చేయు నేర్పును సాధించినవి. ఆ నేర్పు సామాన్యమైనది గాదు. బీదదేశముల రోగు లెందఱో దానిచే బ్రతికిరి. కాని 2005 నుండి మందునకే పేటెంటు వచ్చినది, కాలము మారినది, సంస్థల బుద్ధి మాత్రము అంతగా మారలేదు. మన కర్మాగారములకు కావలసిన మూలద్రవ్యములలో పెక్కింటికి చీనాదేశముమీద ఆధారపడియున్నాము. ఈ దాస్యమును తగ్గించుటకై 2020 లో కేంద్రప్రభుత్వము 6,940 కోట్ల రూపాయల ప్రోత్సాహకపథకమును ప్రకటింపవలసి వచ్చెను. పెనిసిలిన్-జి వంటి మూలౌషధము దేశములో తయారగుట ఏండ్లకొలది నిలిచిపోయి, 2024 లో కాకినాడ ప్రాంతమున మరల మొదలైనది. స్వదేశి యనునది జెండామీది మాట గాదు. అది యొక్కొక్క రసాయనికచర్యను మన ప్రయోగశాలలో మనవారు సాధించుటలో నున్నది. మూలద్రవ్యమును ఓడలో తెప్పించి, ఇచ్చట బిళ్లగా నొత్తి, స్వదేశమని ముద్రవేయు సంస్థకు ఆలోచించు శాస్త్రజ్ఞునితో పనియేమి? సంతకము చేయువాడు చాలును. శాస్త్రజ్ఞుని వెలితియు, దేశపు పరాధీనతయు ఒకే వేరున మొలచిన రెండు కొమ్మలు.

రెండవమార్గము అధ్యాపకత్వము. గురువుస్థానమున కేమి కొఱత యని యనుకొందురేమో. విశ్వవిద్యాలయములలోను కళాశాలలలోను మంజూరైన యుద్యోగములు ఏండ్లుగ నింపబడక పడియుండుట, ఆ పనినే గెస్టు లెక్చరరులచేతను కాంట్రాక్టు లెక్చరరులచేతను చేయించుకొనుట యెవ రెఱుగరు? ఆంధ్రప్రదేశమున 2023 అక్టోబరులో 3,220 విశ్వవిద్యాలయ అధ్యాపక పదవులకు ప్రకటన వెలువడి, వ్యాజ్యములలో చిక్కుకొన్నది. ప్రకటన చూచి పుస్తకములు దులిపినవారి తలలు నెఱసినవి. ఇక నర్హతల సంగతి: విశ్వవిద్యాలయమున సహాయాచార్యపదవికి 2021 జూలై నుండి పి.హెచ్‌డి. తప్పనిసరి యని 2018 లో నిర్ణయించిరి. తరువాత గడువును 2023 జూలైకి జరిపిరి. ఆ 2023 జూలై వచ్చుసరికి అది తప్పనిసరి గాదు, నెట్టో సెట్టో చాలునని వ్రాసిరి. ఈ మాటను నమ్మి అయిదేండ్లు పరిశోధనలో గడిపినవాని కెవరు పరిహార మిత్తురు? సంతబేరములోనైన మాట యిన్నిమాఱులు మార్చినచో మనుజులు నవ్వుదురు.

"సమానమైన పనికి సమానమైన వేతనము" రాజ్యాంగముయొక్క 39వ అధికరణమున నున్నమాట. 2016 అక్టోబరులో పంజాబు రాష్ట్రమునుండి వచ్చిన వ్యాజ్యమున సర్వోన్నత న్యాయస్థానము తాత్కాలికోద్యోగులకును ఈ సూత్రము వర్తించునని తేల్చిచెప్పినది. 2025 ఆగస్టులో గుజరాతు కాంట్రాక్టు సహాయాచార్యులు నెలకు 30,000 రూపాయలతో కాలము గడుపుచుండుట విని, విచారము వెలిబుచ్చి, వారికి సహాయాచార్యుల కనీస వేతనశ్రేణి నీయవలెనని తీర్పు చెప్పినది. గురుపూజ నాడు శ్లోకములు చదువుటకంటె గురువునకు తగిన జీతమిచ్చుట మేలని యా తీర్పుయొక్క భావము. తెలుగు ప్రభుత్వములు రెండును ఆ తీర్పును తమకు వచ్చిన తాఖీదుగ నెంచుకొనవలెను. గెస్టు అనగా అతిథి గదా! అతిథికి సెలవు దినములలో జీతము కోయు మర్యాద మన యింట నెన్నడు నుండెను?

మూడవమార్గము పరిశోధన. ఇది యందఱకు సాధ్యమైనది గాదు. శాస్త్రమునందు నిజమైన ప్రీతి గలవారే దీని కర్హులు. నెట్ పరీక్షలో నెగ్గి జూనియర్ రీసెర్చి ఫెలోషిప్పు తెచ్చుకొన్నవానికి 2023 జనవరి 1 నుండి నెలకు 37,000 రూపాయలు; రెండేండ్ల తరువాత 42,000. అంతకుముందు 2019 నుండి 31,000, 35,000 గ నుండెను. పెంచిన ప్రతిమాఱును విద్యార్థులు వీథికెక్కి యడిగినపిమ్మటనే పెంచిరి. అంకెలు చూచినవారు ఇది చాలదా యనవచ్చును. ఆ మొత్తము మొదటితారీఖున వచ్చినచో కొంత చాలును. నెలలతరబడి రాకపోవుటయే పరిశోధకుల మొఱ. అద్దెయడుగువాడు నెలలు కాచుకొనునా? పరీక్షల తీరును అంతే. 2024 జూన్ 25 నుండి జరుగవలసిన శాస్త్రవిభాగపు నెట్ పరీక్షను నాలుగుదినముల ముందు, జూన్ 21న, వాయిదావేసిరి. రైలుటిక్కెట్లు కొన్నవారు కొన్నట్లే మిగిలిరి.

ఫెలోషిప్పు దొరకి, పరిశోధన ముగించి, డాక్టరను బిరుదుతో వెలుపలికి వచ్చునప్పటికి ముప్పదేండ్లు దగ్గఱపడును. అప్పుడు మరల అదే ప్రశ్న: ఇక నేమి? మన దేశము 2020-21 లో తన యాదాయమునుండి పరిశోధనకై వెచ్చించినది నూటికి 0.64 వంతు. దక్షిణకొరియా నూటికి నాలుగుకు మించి, ఇశ్రాయేలు అయిదుకు మించి వెచ్చించుచున్నవి. అందును మనదేశమున ప్రైవేటు పరిశ్రమల వంతు మూడింట నొకటికి కొంచెము మాత్రమే పైన. 2023 లో అనుసంధాన జాతీయ పరిశోధనా ప్రతిష్ఠానమును శాసనముచే నెలకొల్పి, అయిదేండ్లలో 50,000 కోట్లన్నారు. అందు పెద్దవంతు ప్రభుత్వేతరుల నుండి రావలసినదే. 2025 జూలైలో లక్షకోట్ల పరిశోధనానిధి నొకదానిని మంజూరు చేసిరి. అది పరిశ్రమలకు తక్కువవడ్డీకి అప్పు లిచ్చుటకును, పెట్టుబడి పెట్టుటకును ఉద్దేశింపబడినది. వద్దనము. కాని కోట్లు ప్రకటించిన దినముననే, ఆ కోట్లతో ఎన్ని శాశ్వతపదవులు సృష్టింతురో, ఏ యూర సృష్టింతురో ప్రకటించుట యేల మఱచిరి? యంత్రము కొనుటకు నిధి యున్నది. దానిముందు కూర్చుండువానికి నిధి లేదు.

నాలుగవమార్గము ఈ మూటిని విడిచిపోవుట. కొందఱు విమాన మెక్కుదురు. కొందఱు కంప్యూటరు కొలువులలో చేరుదురు. కొందఱు గ్రూపు పరీక్షలకై గదులలో ఏండ్లు గడుపుదురు. వారిని దేశద్రోహు లనువారితో మేము ఏకీభవింపము. ఆకలిగొన్నవాడు విస్తరి వేసినచోట కూర్చుండును. భీమవరమున 1895 లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి జీవితమును చూడుడు. మద్రాసు వైద్యకళాశాలలో గాంధీజీ పిలుపు విని ఖద్దరు ధరించినందులకు ఆంగ్లాచార్యుని యాగ్రహమునకు గురియై, ఎం.బి.బి.ఎస్. బదులు తక్కువతరగతి పట్టాతో బయటపడిరి. తమ గడ్డమీద పరిశోధనకు తావు దొరకక అమెరికా చేరిరి. ఆసుపత్రిలో రాత్రిపూట ఊడిగము చేసి చదివిరి. 1925 లో ఫిస్కెతో కలిసి రక్తములోని భాస్వరమును కొలుచు పద్ధతి నిచ్చిరి. 1940 నుండి లెడర్లే సంస్థలో పరిశోధన నడపిరి. ఆరియోమైసిన్ వెలువడిన 1948 లోనే కన్నుమూసిరి. బోదకాలుకు నేటికిని వాడు మందు ఆయన నడపిన ప్రయోగశాలనుండియే వచ్చినది. గోదావరీతీరపు పల్లెల వ్యాధికి గోదావరీతీరపు బిడ్డ మందు కనిపెట్టెను. కాని న్యూయార్కు రాష్ట్రమునందలి బల్లమీద! 1995 లో ఆయన పేర మనవారు తపాలాబిళ్ల వేసిరి. బ్రతికియున్నపుడు బల్ల వేయక, శతజయంతికి బిళ్ల వేయు జాతి తన గొప్పను చాటుకొనుటకు ముందు కొంచెము సిగ్గుపడవలెను. నాడు పరాయిప్రభుత్వ మనుకొందము. నేడు పరాయివా రెవరు?

మా వాదమునకు రెండు ఆక్షేపణలు రాగలవు. ఎం.ఎస్‌సి.లు మితిమీరినారు, అందఱకు పని యెక్కడిదందురు కొందఱు. ఒక సత్యము నంగీకరింతము: ప్రయోగశాల లేకయే ప్రయోగపరీక్షలు జరిపి, నింపిన రికార్డుపుస్తకమునకు మార్కు లిచ్చి, బ్యూరెట్టు పట్టుట యెఱుగనివానికి పట్టా లిచ్చు కళాశాలలు గలవు. ఆ పట్టా చెల్లని నాణెము. కాని ఆ టంకసాలకు అనుమతి యిచ్చిన దెవరు? తనిఖీకి వచ్చి విందారగించి పోయిన దెవరు? చెల్లని నాణెము చేతబడిన విద్యార్థి మోసపోయినవాడు, మోసగాడు గాడు.

ప్రతిభ గలవాడు ఎట్లైనను పైకి వచ్చును, రామను రాలేదా యందురు మఱికొందఱు. ఈ మాట విన్నప్పుడెల్ల మాకు నవ్వు వచ్చును, కోపమును వచ్చును. రామను కథను వారు సగమే చదివిరి. చంద్రశేఖర వెంకటరామను 1907 లో ప్రభుత్వ ఆర్థికశాఖలో అధికారియై, కలకత్తాలో తీరికవేళల పరిశోధన చేసికొనుచుండెను. అట్లు చేసికొనుటకు 1876 లో మహేంద్రలాల్ సర్కారు చందాలెత్తి కట్టించిన విజ్ఞానపరిషత్తు ఆయనకై తలుపు తెఱచి యుండెను. 1917 లో ఆయన పెద్దజీతమును వదలి తక్కువజీతమునకు కలకత్తా విశ్వవిద్యాలయమున భౌతికశాస్త్ర ఆచార్యుడయ్యెను. ఆ పీఠము పేరు పాలిత్ పీఠము. తారకనాథ పాలిత్ ఎవరు? శాస్త్రజ్ఞుడు గాడు, బారిస్టరు. వాదించి సంపాదించిన ధనమును విజ్ఞానకళాశాలకు ధారవోసి, ఆ పీఠములమీద భారతీయులే కూర్చుండవలెనని కట్టడి చేసెను. ఆయన వెంట రాసబిహారి ఘోషు, మఱియొక న్యాయవాది, అట్లే ధార వోసెను. విశ్వవిద్యాలయమును నడపిన అశుతోష ముఖర్జీయును న్యాయశాస్త్రవేత్తయే. రసాయనశాస్త్రపు పాలిత్ పీఠమున ప్రఫుల్లచంద్ర రాయి కూర్చుండెను. 1928 లో రామను ఫలితము, 1930 లో నోబెలు బహుమానము ఆ తరువాతి కథ. ముందు పీఠము, పిమ్మట రామను! విత్తనము గొప్పదే, దున్నినచేను లేక గొప్పవిత్తనము గాదెలోనే పురుగుపట్టును. మన తెలుగునాటను జయపురాధీశుడు విక్రమదేవవర్మ ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు ఏటేట లక్షరూపాయ లిచ్చి, అక్కడి విజ్ఞానకళాశాలను నిలిపెను. ఆ దాత లేక వాల్తేరున ఎందఱు శాస్త్రజ్ఞులు తేలియుందురు?

కావున మేము కోరునవి గొంతెమ్మకోరికలు గావు. ప్రభుత్వములారా, మంజూరైన అధ్యాపకపదవులను, ఫోరెన్సిక్, నీటి, ఆహార, కాలుష్యనివారణ ప్రయోగశాలల పదవులను, ఏ నెలలో ఎన్ని నింపెదరో పట్టిక వేసి ప్రకటింపుడు. ఆ పట్టిక తప్పినచో శాసనసభలో సంజాయిషీ చెప్పుకొనుడు. ఫెలోషిప్పును ఉద్యోగులజీతమువలె నెలకొక్కమాఱు, ఒకే తేదీన చెల్లింపుడు. అర్హతల నియమమును మార్చినచో మార్చినదినమున చదువుచున్నవారికి పాతనియమమునే వర్తింపజేయుడు. పరిశ్రమాధిపతులారా, మీలో పెద్దలు పలువురు ఐ.డి.పి.ఎల్. వంటి ప్రజాధనపు సంస్థలలో పని నేర్చి పైకివచ్చిన తరమువారు, లేక వారి వారసులు. ఆ ఋణము తీర్చుకొనుడు. ఒక్కొక్కరు ఒక్కొక్క విశ్వవిద్యాలయమున నొక్క పీఠము స్థాపింపుడు. దానిమీద మీ పేరే చెక్కించుకొనుడు, మేము పొగడెదము. కళాశాలలవారలారా, మీవద్ద ఎం.ఎస్‌సి. ముగించినవారు రెండేండ్ల తరువాత ఎక్కడ నున్నారో గోడమీద వ్రాసిపెట్టుడు. ఆ గోడను చూపుటకు భయపడువాడు తరగతి మూసికొనవచ్చును.

తలిదండ్రులకు నొక్కమాట. ఇంజనీరింగు సీటు రానందున బి.ఎస్‌సి., అది ముగిసినందున ఎం.ఎస్‌సి. అని బిడ్డను నెట్టకుడు. ప్రీతి యున్నచో చదివింపుడు. ప్రయోగశాలను స్వయముగ చూచి చేర్పింపుడు. ఆడుబిడ్డ చదివినచో ఆ చదువునకు పనిచేయు హక్కును ఉన్నదని యెఱుగుడు.

యువకులారా, యువతులారా, పీట వేయువరకు నిలిచి యాచింపుడని మేము చెప్పము. చేతిపని గట్టిగ నేర్వుడు: యంత్రమును నడుపుట మాత్రమే గాక అది తప్పినపుడు ఏల తప్పినదో చెప్పగలుగుడు. గణాంకశాస్త్రమును, కంప్యూటరును పరాయివిద్య యనుకొనకుడు. పేటెంటు ఏజెంటు పరీక్షకు విజ్ఞానశాస్త్ర పట్టభద్రులు కూర్చుండవచ్చును. దానికి న్యాయపట్టా అక్కఱలేదు. ఇది పెక్కుమందికి తెలియదు. నియామకపత్రము లేక పనిలో చేరకుడు, మూలపట్టాను విడువకుడు, భద్రతాసాధనములు లేనిచోట రియాక్టరు దగ్గఱకు పోకుడు, పొమ్మన్నచో వ్రాతమూలకముగ నడుగుడు. ఒంటరిగ నడిగినవానిని తొలగింతురు. నూఱుగురు కూడి యడిగినచో పిలిచి కూర్చుండబెట్టుదురు. ప్రయోగశాలలలోను కర్మాగారములలోను సంఘములుగ నేర్పడుడు.

శాస్త్రీయదృక్పథమును పెంపొందించుకొనుట ప్రతిపౌరుని విధియని 1976 లో రాజ్యాంగమున చేర్చుకొంటిమి. దృక్పథము గాలిలో పెరుగదు. అది ప్రయోగశాలలో, బల్లముందు, నెలనెల జీతమందు మనుజుని చేతిలో పెరుగును. ఉద్దానపు నీటికుండలో నేమున్నదో చెప్పగలవాడు నేడు హైదరాబాదులో నొక ఇరుకుగదిలో గ్రూపు పరీక్షకు పాతరాజుల తేదీలు వల్లెవేయుచున్నాడు. ఆతనిని ఆ కుండయొద్దకు చేర్చు మార్గము వేయుటకు ధనము చాలదనువారితో వాదించుటకు మేము సిద్ధము. ఆ నీటిని త్రాగుచున్నవారికి మాత్రము వాదనకు వ్యవధి లేదు.